ఆఖరి గదిలోని ఆవిడ

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే. నా కూతురు బుడంకాయ నిద్రలో ఊపిరి ఆపేస్తుందని. మిగతా భయాలు బోలెడున్నాయి గాని, అవన్నీ దీని వెనక వరసలో నిలబడవలసినవే.

మొన్న మధ్యాహ్నం ఆ భయం నా వేలి చివరికి వచ్చింది. బుడంకాయ ముక్కు కింద వేలు పెట్టాను. గాలి తగల్లేదు. భుజం పట్టి కుదిపితే ఒక్కసారిగా పెద్ద ఊపిరి లాగి, కళ్ళు తెరవకుండానే అటు తిరిగి పడుకుంది.

పెద్దాసుపత్రిలో చూపిద్దామని ఆ పూటే అన్నాను.

"నీకు మళ్ళీ మొదలైందా?" అన్నారు మా ఆయన.

అంతే. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికి వాళ్ళం గోడలతో మాట్లాడుకుంటున్నాం. ఈ పొద్దుటికి గోడలకు కూడా విసుగొచ్చినట్టుంది. మళ్ళీ మనుషులతోనే మాట్లాడాల్సొచ్చింది, ఎందుకంటే మా అత్తగారి బొంగరం కనబడటం లేదు.

"మంచం కింద చూశారా అత్తయ్యా?" అన్నాను, చూశారని తెలిసే.

"మంచం కింద చూశాను, మంచం మీద చూశాను. ఇక పరుపు కోసి దూది ఏరడం ఒక్కటే మిగిలింది," అన్నారావిడ. "నా చిన్ననాటి బొంగరం. ఇన్ని ఇళ్ళు మారినా నన్ను వదిలిపెట్టలేదు. దానంతట అది నడిచి వెళ్ళదు గదా అమ్మాయ్."

"పిల్ల ఎక్కడైనా పెట్టి మరిచిపోయిందేమో."

"పిల్ల మరిచిపోదు. ఈ ఇంట్లో మరిచిపోయినట్టు మొహం పెట్టగలిగేది ఒక్కళ్ళే."

నేను తలెత్తలేదు. చొక్కాకి గుండీ కుడుతున్నాను. బట్టల దుకాణం వాళ్ళు కట్టలు కట్టలుగా పంపే చొక్కాలకు గుండీలు కుట్టడం నా పని. సూది గుచ్చుకోకుండా వేలికి ఇనుప తొడుగు పెట్టుకుంటాను. దారం పళ్ళతో కొరికి, ఇంకో గుండీ తీశాను.

బొంగరం పిండి డబ్బాలో ఉంది. పెట్టింది నేనే.

ఎందుకు పెట్టానో మీకు చెప్పాలంటే ముందుగది సంగతి చెప్పాలి.

ముందుగది మా ఆయనది. దుకాణాల బోర్డులకు రంగు కాగితంతో అక్షరాలు కోయడం ఆయన వృత్తి. మిగిలిపోయిన అక్షరాలు తెచ్చి బుడంకాయ కనిపించిన తలుపుకల్లా అంటిస్తుంది. మా స్నానాలగది తలుపు మీద "యజమాని" అని ఉంటుంది. ఆ పని అయ్యాక మిగిలిన వేళంతా ఆయన ఒక వీడియో గేము తయారుచేస్తూ ఉంటారు. ఆయన చిన్నప్పుడు వీధిచివర కొట్లో నిలబడి ఆడినవాటిలాంటిదే. గళ్ళు గళ్ళుగా బొమ్మలు, కీచుకీచుమనే పాటలు.

అందులో గుప్పెడంత పిల్ల ఒక పెద్ద ఇంట్లో తప్పిపోతుంది. దాని చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక బొంగరం ఉంది. తాడు చుట్టి విసిరితే అది అడ్డొచ్చినవాళ్ళ కాళ్ళకు తగిలి పడగొడుతుంది. ఒకేచోట నిలబడి తిరిగితే ఆరిపోయిన దీపాలు వెలుగుతాయి. గది తరవాత గది, గదికో రాకాసి. బొంగరంతో ఆట ఆడించడమనే ఆలోచన మా అత్తగారి బొంగరం చూశాకే ఆయనకు వచ్చింది.

అదంతా బాగానే ఉంది. నేను అందులో తలదూర్చలేదు. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. మా నాన్న మంచాన పడితే తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయాను. తెరలూ మీటలూ నాకు అర్థం కావని ఈ ఇంట్లో అందరి నమ్మకం. నేనూ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు, పని తక్కువ కదా అని.

మొన్న సాయంత్రం టీ పట్టుకుని ముందుగది దాకా వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి బుడంకాయ గొంతు.

"నాన్నా, అమ్మొస్తోంది. ఆపెయ్."

తలుపు తోసేసరికి తెర నల్లగా ఉంది. మా ఆయన, అత్తగారు, పిల్ల, ముగ్గురూ నా చేతిలో టీని చూశారు. నన్ను చూడలేదు.

ఆరేళ్ళ పిల్ల నా నుంచి ఏం దాస్తుంది? దానితో కలిసి వీళ్ళిద్దరూ ఏం దాస్తున్నారు? ఆ మధ్యాహ్నమే కదా దాని ముక్కు కింద నాకు గాలి తగలనిది. ఆ తెరలో ఏదో ఉంది, అది పిల్లను ఏదో చేస్తోంది అనిపించింది. మర్నాడు బొంగరం నా కంటపడగానే చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

* * *

"వదినా, బొంగరం ఎక్కడుండొచ్చో మీరొక్కసారి ఆలోచించండి," అన్నాడు కీచురాయి.

కీచురాయి మా ఆయన స్నేహితుడు. ఆటలో పాటలూ చప్పుళ్ళూ చేసేది అతనే. ఆ పాటలు విని పేరు పెట్టింది మా అత్తగారు. ముందుగదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు ఒక మైకు, దానికి బుడంకాయ పాత మేజోడు తొడిగి ఉంది. రేపు పొద్దున ఈ ఆటను ఒక హాల్లో పెట్టి జనం చేత ఆడిస్తారట. ఇలాంటివి తయారుచేసే వాళ్ళంతా వస్తారట. ఆఖరి గదికి బొంగరం చప్పుడు ఒక్కటే మిగిలిందట.

"ఇంకో బొంగరం కొనుక్కోండి," అన్నాను.

"ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్‌వి వదినా. తిరిగితే దోమ ఏడ్చినట్టుంటుంది. ఆ చెక్క బొంగరం అలా కాదు, తుమ్మెద. ఆఖరి గదిలో ఆవిడకి ఆ చప్పుడే..."

మా ఆయన దగ్గారు. నిజం దగ్గు కాదు.

"ఎవరావిడ?" అన్నాను.

"ఎవరూ కాదు," అన్నారు మా ఆయన. బల్ల సొరుగు తీసి అందులో బొంగరం వెతకడం మొదలుపెట్టారు. ఆ సొరుగు పొద్దుటి నుంచి వెతుకుతున్నదే. "రాకాసి. అన్ని గదుల్లోనూ ఉంటాయిగా."

"రాకాసిని ఆవిడ అంటారా ఎవరైనా? ఇంత మర్యాదగా?"

కీచురాయి మేజోడు సర్దుకున్నాడు. "నాకు మా ఇంట్లో అలవాటు వదినా. అందరినీ ఆవిడ అనే అంటాను."

"మీ ఇంట్లో ఉన్నది మీ నాన్నగారొక్కరే కదా."

బల్లకింద బొమ్మ గీసుకుంటున్న బుడంకాయ చెయ్యి ఆగిపోయింది. అది నావైపు చూడలేదు, అత్తగారివైపు చూసింది. అత్తగారు కళ్ళతో ఏదో చెప్పారు. అది మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టింది.

ఆ చూపు నేను చూశాను. అందరూ అనుకున్నంత గుడ్డిదాన్ని కాదు.

"ఆఖరి గది చూపించండి," అన్నాను.

"దేనికి?"

"చూడాలనిపించింది. అందరూ చూశారు. నేను చూడకూడదా?"

"నీకు ఇవన్నీ..."

"అర్థం కావు. ఆ సంగతి తెలుసు. అర్థం కాకుండానే చూస్తాను."

మా ఆయన సొరుగు మూశారు. "ముందు బొంగరం దొరకనీ."

"ఆఖరి గది చూపిస్తే బొంగరం దొరుకుతుంది," అన్నాను.

పక్కింటి కుళాయి కింద బిందె నిండే చప్పుడు వినిపించింది.

"చెప్పానా," అన్నారు అత్తగారు తాపీగా. "పొద్దుటి నుంచి నా చేత మంచాలు ఎత్తించింది. నడుం పట్టేసింది నాకు."

"అంటే నువ్వే దాచావు," అన్నారు మా ఆయన.

"దాచాను. మీరూ తెర ఆపేశారుగా. చెల్లుకి చెల్లు."

"చిన్నపిల్లలా బొంగరం దాచుకుంటావా?"

"చిన్నపిల్లతో కలిసి మీరు దాచుకోవచ్చు గాని?"

ఆయన మొహం ఎర్రబడింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. కీచురాయి మాత్రం మైకు మీది మేజోడు తీసి తన చేతికి తొడుక్కున్నాడు, ఏం చేయాలో తోచక.

"చూపించరా," అన్నారు అత్తగారు. "ఎప్పటికైనా చూడాల్సిందేగా. హాల్లో అందరిముందూ చూసే కంటే ఇంట్లో చూడటమే నయం."

* * *

మీటల పెట్టె నా చేతిలో పెట్టారు. అది పట్టుకోవడం నాకు రాదు. అత్తగారికి వచ్చు. ఈ ఇంట్లో ఆ ఆట బాగా ఆడేది ఆవిడేనని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"ఎడంపక్కకి. అది కుడి అమ్మాయ్. అన్నం తినే చెయ్యి కాదు, రెండోది."

"తెలుసు అత్తయ్యా."

"తెలిస్తే గోడలోకెందుకు నడిపిస్తున్నావు దాన్ని? పాపం, ముక్కు పచ్చడవుతోంది."

కీచురాయి నవ్వబోయి మానుకున్నాడు.

తెరమీద ఒక చిన్నగది. గళ్ళతో చేసిన మంచం, గళ్ళ దుప్పటి, గళ్ళ కిటికీ. కిటికీ పక్కన గోడలో చిన్న చెక్కగూడు. మంచంలో గుప్పెడంత పిల్ల. దిండు కింద బొంగరం. పిల్ల పడుకునే తాడు చుట్టాలి. ఒక మీట నొక్కితే ఒక చుట్టు. అన్ని చుట్లూ అయితే బొంగరం విసరొచ్చు.

"ఇంతేనా?" అన్నాను. "రాకాసి ఏదీ?"

నేను చుట్లు చుట్టసాగాను.

టక్.

తెరలో నుంచి వచ్చింది ఆ చప్పుడు. చిన్నది. ఇనుము చెక్కకు తగిలినట్టు.

నా బొటనవేలు నాకు తెలియకుండానే చూపుడువేలి మీదికి వెళ్ళింది. తొడుగు ఉంది అక్కడ. నిజం తొడుగు. దాన్ని నేను తియ్యలేదు.

"పెద్ద మీట నొక్కు," అన్నారు అత్తగారు. "నొక్కి పట్టుకో. వదలకు."

"ఇదేమిటి?"

"ఊపిరి. నువ్వు బిగబట్టాలి."

తెరలో తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి వచ్చింది. చేతులు గళ్ళు, మొహం గళ్ళు. కళ్ళు ఉండాల్సినచోట రెండు పెద్ద తెల్లటి గళ్ళు, రెప్పలు లేవు. ఎడంభుజం మీద పసుపచ్చ తువ్వాలు.

నా ఎడంభుజం మీద ఉన్న తువ్వాలు పసుపచ్చది. వంటింట్లోనుంచి వచ్చి చేతులు తుడుచుకోవడానికి ఎప్పుడూ వేసుకునే ఉంటాను.

ఆవిడ మంచం దగ్గరికొచ్చి వంగింది. చెయ్యి చాచింది. చూపుడువేలు పిల్ల ముక్కు కింద పెట్టి, కదలకుండా నిలబడింది. తెరమీద ఒక నీలంగీత తగ్గుతూ తగ్గుతూ వస్తోంది. అది అయిపోకముందే మీట వదిలేశాను.

ఆవిడ ఆ పిల్లను రెండు చేతులతో ఎత్తుకుంది. చంపలేదు, కొట్టలేదు. ఎత్తుకుని, ఇన్నాళ్ళూ అది దాటొచ్చిన గదులన్నీ వెనక్కి దాటించి, మొట్టమొదటి గదిలో దింపి తలుపేసి వెళ్ళిపోయింది.

మీటల పెట్టె బల్లమీద పెట్టాను.

"ఎవరి ఆలోచన ఇది?" అన్నాను.

"ఇదిగో, విను..."

"నన్ను రాకాసిని చేశారు. ఊరందరి చేతా నా నుంచి తప్పించుకునే ఆట ఆడిస్తారు. తువ్వాలు కూడా వదల్లేదు. అత్తయ్యా, మీరే కదా చెప్పింది?"

"నేను చెప్పేదైతే మొహం మీదే చెబుతాను," అన్నారావిడ. "బొమ్మలేసి చెప్పే ఓపిక నాకు లేదు."

"మరి మీరేనా?"

మా ఆయన నావైపు చూస్తున్నారు గాని వేరే ఏదో ఆలోచిస్తున్నారు. ఆయన గొంతు తగ్గింది.

"వేలు పెట్టడం మానేశానన్నావు."

అన్నమాట నిజమే.

బుడంకాయకు ఏడాది వయసులో జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. నా ఒళ్ళో నీలంగా అయిపోయింది. తరవాత డాక్టరు, పిల్లకు ఏమీ లేదు, నువ్వే నిద్రపో తల్లీ అన్నాడు. అదేపనిగా లేచి వేలు పెట్టి చూడటం మానేస్తానని ఆ రోజు మా ఆయన చేతిలో చెయ్యి వేశాను. మొన్న కూడా గాలి తగల్లేదని చెప్పలేదు, ఛాతీ కదలడం కంటికి కనబడలేదని చెప్పాను.

"ఆఖరి రాకాసి బొమ్మ ఇది తెచ్చి ఇచ్చినప్పుడు ఊరికే ఊహించి గీసిందనుకున్నాను," అన్నారాయన. "తువ్వాలు చూసి నవ్వుకున్నాం కూడా. నువ్వు బాధపడతావని తెర ఆపేశాను. ఆ వేలు నిజమని నాకు తెలియదు."

"తెచ్చి ఇచ్చినప్పుడా? ఎవరు?"

ఆయన బల్లకిందికి చూశారు.

అన్ని రాకాసులూ అది గీసినవేనట. అది కాగితం మీద గీస్తే ఆయన గళ్ళలోకి మార్చడమట. ఆ టక్ చప్పుడు కూడా అదే అడిగిందట. కీచురాయి ఏ చప్పుడు చేసినా, అది కాదు, అది కాదు అని ప్రాణం తీసిందట. చివరికి అత్తగారి అడకత్తెర పిడిని కిటికీ గూట్లో పెట్టి చూస్తే ఒప్పుకుందట.

వేలికి తొడుగుంటే గాలి తెలియదు. అందుకని నేను పిల్ల గదిలోకి వెళ్ళగానే తొడుగు తీసి కిటికీ పక్కన గూట్లో పెడతాను. ఆ సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను. తలుపేసి ఉంటుంది. పిల్ల నిద్రపోతూ ఉంటుంది.

నిద్రపోతూ ఉంటుందనే అనుకున్నాను.

* * *

"బుడంకాయా, ఇలా రా."

రాలేదు. బల్లకిందనుంచే అడిగింది. "కొడతావా?"

"ఎప్పుడైనా కొట్టానా నిన్ను?"

"లేదు. ఎత్తుకుంటావు."

నేనే బల్లకిందికి వంగి కూర్చున్నాను. మోకాళ్ళు బల్లకాలికి కొట్టుకున్నాయి. అది రంగు పెన్సిలు మూతితో నేలమీద గీతలు గీస్తోంది.

"నేనొచ్చినప్పుడు నువ్వు మేలుకుని ఉంటావా?"

"అప్పుడప్పుడు. టక్ అంటే మెలకువొస్తుంది."

"మరి ఊపిరెందుకు బిగబడతావు?"

"నిద్రపోయినట్టు ఉండాలిగా."

"నిద్రపోతే ఊపిరి బిగబడతారా ఎవరైనా?"

అది నన్ను వింతగా చూసింది, నాకింత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "నిద్రపోయినప్పుడు ఏమీ చెయ్యరుగా అమ్మా. మాట్లాడరు, కదలరు. బొమ్మలా ఉంటారు. ఊపిరి తగిలితే మేలుకున్నానని నీకు తెలిసిపోతుందని."

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఓరి దేవుడా. ఇది గాలి ఆపేది నీ కోసమా?"

అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు నా వేలికి గాలి తగల్లేదు. నేను చూడటానికి వెళితే అది ఊపిరి ఆపుతోంది. అది ఊపిరి ఆపుతోందని నేను మళ్ళీ చూడటానికి వెళుతున్నాను. తూలే బొంగరాల్లా మేమిద్దరం ఒకరి చుట్టూ ఒకరం తిరుగుతున్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

మా ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "విన్నావా? ఇంక ఆసుపత్రీ వద్దు, ఏమీ వద్దు. దానికేమీ లేదు."

అంత తొందరగా ఆయనకు వచ్చిన ధైర్యం నాకు నచ్చలేదు.

"ఆవిణ్ణి గెలవడం ఎలా?" అన్నాను పిల్లను. "ఆ ఆఖరి గదిలో?"

"అదే మాకూ తెలియదు వదినా," అన్నాడు కీచురాయి. "అడిగితే చెప్పదు. పిన్నిగారు ఎన్నిసార్లు ఆడినా ఆ గదిలోనే ఓడిపోతున్నారు."

"ఓడిపోవడం కాదు, అది చెప్పేదాకా ఆగుతున్నాను," అన్నారు అత్తగారు.

బుడంకాయ నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. దాని ఊపిరి వెచ్చగా తగిలింది.

"ఆవిడ ఒక్కసారి రాకుండా ఉండాలి. అప్పుడు బొంగరం ఆగేదాకా తిరుగుతుంది. అంతే. గెలిచేసినట్టు."

"ఆవిణ్ణి కొట్టక్కర్లేదా?"

"ఎందుకు కొట్టడం? అమ్మ కదా."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. పిండి డబ్బాలోంచి బొంగరం తీసి, కొంగలా తెల్లగా ఉన్న దాన్ని తువ్వాలుతో తుడిచి తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను. అత్తగారు బొంగరాన్ని చూసి, నా తువ్వాలును చూసి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు ఇదే మొదటిసారి వినడం.

"ఈ పూట నేను రాను," అన్నాను. "నువ్వు పడుకుని నీ అంతట నువ్వు లేచేదాకా."

"ఒట్టు?"

"ఒట్టు."

"నాన్నమ్మ?"

"నేనూ రాను. ఎవర్నీ రానివ్వను," అన్నారావిడ. "గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నన్ను దాటుకుని వెళ్ళాలి ఎవరైనా."

* * *

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కీచురాయి కిటికీ బయట మైకు పెట్టుకున్నాడు, పిల్ల గదిలో తిప్పే బొంగరం చప్పుడు పట్టుకోవడానికి. మేజోడు మళ్ళీ తొడిగాడు. మైకు తీగ ముందుగదిలోకి పోతుంది. అక్కడ మా ఆయన చెవులకు హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకుని కూర్చున్నారు.

నేను బుడంకాయను గది దాకా దిగబెట్టాను. గుమ్మం ఇవతలే నిలబడ్డాను. అది బొంగరానికి తాడు చుట్టుకుంటోంది, నాలుక బయటపెట్టి, నాన్నమ్మ నేర్పినట్టు బిగించి బిగించి.

అప్పుడు అడిగాను. అడగకుండా ఉండాల్సింది. మాటిచ్చాక అడగకూడదు.

"మొన్న కూడా బిగబట్టావు కదూ? మొన్న మధ్యాహ్నం?"

"మొన్నా?" అది ఆలోచించింది. "మొన్న నేను నిజంగా నిద్రపోయానమ్మా. నువ్వు రాలేదుగా మొన్న."

తలుపేసుకుంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. అత్తగారు కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చున్నారు.

"అత్తయ్యా, విన్నారా అదేమందో?"

"చిన్నపిల్ల. దానికేం గుర్తుంటుంది."

"టక్ చప్పుడు నుంచి తువ్వాలు దాకా అన్నీ గుర్తున్నాయి దానికి. ఇదొక్కటే గుర్తులేదా?"

ఆవిడ నావైపు చూశారు. ఆ చూపులో వెటకారం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

"ఒట్టేశావు అమ్మాయ్," అన్నారు. "ఇప్పుడు నువ్వు వెళితే అది జన్మలో నీ ముందు నిద్రపోదు. నిద్ర నటిస్తుంది. కూర్చో."

ముందుగదిలోకి వెళ్ళాను. మా ఆయన చెవికి ఒక పక్కనున్న డిప్ప ఎత్తి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, "ఈ ఒక్క పూట," అన్నారు. "ఈ ఒక్క పూట దాన్ని వదిలెయ్. ఎంత బాగా తిరుగుతోందో విను." డిప్ప నా చెవికి పెట్టారు.

తుమ్మెద. కీచురాయి అబద్ధం చెప్పలేదు. బరువుగా, నిండుగా, ఎక్కడా తొణక్కుండా ఆ చప్పుడు తిరుగుతోంది. దాని వెనక పిల్ల ఊపిరి వినబడుతుందేమోనని చెవి రిక్కించాను. తుమ్మెద తప్ప ఇంకేమీ లేదు.

తిరిగొచ్చి గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చున్నాను. ఒళ్ళో చొక్కా, చొక్కా మీద గుండీ, గుండీలో సూది. కుట్టడం లేదు. తలుపు వెనకనుంచి చప్పుడు సన్నబడుతోంది. తూలుతోంది. బొంగరం నేలమీద పడి దొర్లి, దేనికో తగిలి ఆగింది.

దుప్పటి లాక్కున్న చప్పుడు వినబడింది. తరవాత అదీ లేదు.

అత్తగారి తల పక్కకు వాలింది. నిద్రపోతున్నారు. ఆవిడ ఊపిరి గుర్రు గుర్రుమని వీధి దాకా వినబడుతోంది. కావలసిన ఊపిరి వినబడదు, అక్కర్లేనిది మాత్రం ఇల్లు ఎగరగొడుతుంది.

వేలితొడుగు లోపల నా వేలికి చెమట పట్టింది. తీయడానికి లేదు. తీస్తే ఎక్కడో ఒకచోట పెట్టాలి.

అది మొన్న నిజంగా నిద్రపోయి ఉంటే, మొన్న ఊపిరి ఆపింది అది కాదు. దానంతట అదే ఆగింది. ఇప్పుడు మళ్ళీ నిజంగా నిద్రపోతోంది. నేను వెళితే పిల్ల నాకు దక్కదు. వెళ్ళకపోతే...

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ పత్రికలో వారం వారం నేను రాసే నా గోడు చదువుతున్నారు, మా ఇంట్లో ఏ తలుపు మీద ఏం రాసుందో కూడా మీకు తెలుసు. రానని మాటిచ్చింది నేనూ, మా అత్తగారూ. మీరు ఇవ్వలేదు. ఎవరైనా ఒక్కరు చప్పుడు చేయకుండా ఆవిడ కుర్చీ దాటి, ఆ తలుపు తీసి లోపలికి వెళ్ళండి. నా బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసి వచ్చి నాకు చెప్పండి. మీ వేలికి తొడుగు గాని ఉంగరం గాని ఉంటే గడప ఇవతలే తీసి గుప్పిట్లో పెట్టుకోండి. కిటికీ గూట్లో మాత్రం పెట్టకండి. ఆ చప్పుడు దానికి తెలుసు.